నేను గ్యాస్ వదలను

ఆ ఇంట్లో ఎవరో పోయారనుకున్నాను.

శుక్రవారం పొద్దున. సెలవు రోజే అయినా ఒక విల్లాలో ఏసీ ఆగిపోయిందని కాంపౌండ్ ఆఫీసు నుంచి కబురొస్తే, సామాన్ల సంచి భుజాన వేసుకుని వెళ్ళాను. సౌదీలో, ధహ్రాన్ పక్కన, విదేశీ ఇంజినీర్లు ఉండే కాంపౌండ్ అది. తలుపు వారగా వేసి ఉంది. తోసి చూస్తే హాల్లో పదిమంది దాకా కుర్చీల్లో గుండ్రంగా కూర్చున్నారు. తెల్లవాళ్ళు, ఆఫ్రికా నుంచి వచ్చిన ఒకాయన, ఒక కేరళ నర్సు. ఒక్కరి నోటి నుంచీ మాట లేదు. కొందరు కళ్ళు మూసుకున్నారు, కొందరు నేల చూపులు చూస్తున్నారు. చెమట ధారగా కారుతున్నా తుడుచుకునేవాళ్ళు లేరు.

మా జగిత్యాల వైపు మనుషులు అలా కూర్చున్నారంటే ఒకటే అర్థం. సంచి గడప బయట పెట్టి, బూట్లు విప్పి, గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాను. చావింట్లో కుర్చీ ఎక్కే అలవాటు మాకు లేదు. శవాన్ని లోపలి గదిలో పెట్టారేమో అనుకున్నాను. పోయిందెవరో తెలియకపోయినా, పరాయి దేశంలో పోయారు కదా అని కాసేపు బాధపడ్డాను కూడా. చాలాసేపటికి ఒక పెద్దావిడ పక్కనున్నాయనకు చెయ్యి అందించింది. అందరూ చేతులు కలుపుకుని నవ్వుకున్నారు. ఆవిడ లేచి నా దగ్గరకు కూడా వచ్చి చెయ్యి చాచింది.

"మేడమ్, పోయిందెవరు?" అన్నాను, నాకొచ్చిన ఇంగ్లీషులో.

"ఎవరూ పోలేదు. అందరం ఇక్కడే ఉన్నాం" అంది ఆవిడ. ఆపైన విషయం అర్థమై ఎంత నవ్విందంటే, కుర్చీ పట్టుకుని నిలబడాల్సి వచ్చింది.

అదీ నాకు క్వేకర్లు పరిచయమైన తీరు. ఆవిడ చమురు కంపెనీ ఇంజినీరుగారి భార్య. వాళ్ళు ఏసును నమ్మేవాళ్ళలోనే ఒక తెగట. పాస్టరు లేడు, పాట లేదు, దీపం లేదు, గంట లేదు. వారానికోసారి ఒకరింట్లో చేరి ఊరకే కూర్చుంటారు. ప్రతి మనిషి లోపలా ఒక వెలుగు ఉంటుందని, నోరు మూసుకుంటే అది మాట్లాడుతుందని వాళ్ళ నమ్మకం. ఎవరికైనా లోపల్నుంచి మాట తన్నుకొస్తే లేచి చెప్పి కూర్చుంటారు. ఆ మాటకు ఎవరూ జవాబివ్వరు, వాదించరు. వేరే మతం ప్రార్థన బయట చెప్పుకునే సంగతి కాదు ఈ దేశంలో. అలాగని ఆవిడ అబద్ధమూ ఆడేది కాదు. ఎవరైనా అడిగితే "మేం కాసేపు కూర్చుంటాం" అనేది. అది నిజమే కదా.

మా మల్లన్న దేవుడు డోలు దెబ్బ పడందే నిద్ర లేవడు. రంగుల పట్నం ముగ్గు వెయ్యాలి, ఒగ్గు కథ చెప్పాలి, పూనకంతో శివసత్తులు ఊగాలి. ఆ చప్పుడులో పెరిగిన నాకు ఈ ఊసు లేని దేవుడు మొదట వింతగానే ఉన్నాడు.

ఆ రోజు ఏసీ విప్పి చూస్తే గ్యాస్ కారిపోతోంది. మిగిలినదంతా వదిలేసి కొత్తగా నింపాలి. నట్టు వదులు చేస్తుంటే ఆవిడ వెనకే నిలబడి అడిగింది.

"ఇప్పుడు ఇది ఎక్కడికి పోతుంది?"

"గాలిల కలుస్తది."

"కలిశాక?"

నాకు ఒళ్ళు మండింది. ఎందుకు మండదు? నేను నాలుగో తరగతిలో బడి మానేసిన మనిషిని. అక్షరం ముక్క నేర్చుకున్నది మెషిన్ల మీద అంటించిన కాగితాల నుంచి, పాత పేపర్ల నుంచి. సిలిండర్ మీద ఇంగ్లీషులో, అరబ్బీలో "గాలిలోకి వదలరాదు" అని రాసి ఉంటుంది. అందరూ చూస్తారు, ఎవరూ చదవరు. నేను చదివాను. ఆ గ్యాస్ పైకి పోయి ఆకాశం మీది పొరను తింటుందని, భూమిని వేడెక్కిస్తుందని పేపర్లో కూడా చదివాను. కానీ కంపెనీ పైపు కోసి వదిలెయ్యమంటే కోసేవాళ్ళం. అదే పనని మాకు నేర్పింది మాకన్నా పెద్ద జీతాలవాళ్ళు. తప్పు వాళ్ళది. ఆవిడ మొహం మీదే అన్నాను.

"మీ సారు భూమిల కెల్లి చమురు తోడుతడు. లోకమంతా దాన్ని కాలవెడుతది. మీరు నన్ను గీ పిడికెడు గ్యాస్ గురించి అడుగుతున్నరా?"

కోప్పడుతుందనుకున్నాను. ఆఫీసుకు ఫోన్ చేస్తుందనుకున్నాను. ఆవిడ మొహం ఎర్రబడింది కానీ, "నువ్వన్నది నిజం. మా చేతులేమీ శుభ్రంగా లేవు. ప్రతి శుక్రవారం నేను దాని గురించే కూర్చుంటున్నాను. భూమి మనం సంపాదించిన సొత్తు కాదు, దాన్ని పాడు చేస్తూ దేవుణ్ణి తలుచుకోవడం నాకు కుదరడం లేదు" అంది.

ఇన్నేళ్ళ గల్ఫ్‌లో పెద్దవాళ్ళు నాతో చాలా మాట్లాడారు. "నువ్వన్నది నిజం" అని అన్నది మాత్రం ఆవిడే.

తర్వాతి శుక్రవారం పిలవకుండానే వెళ్ళాను. ఆ తర్వాత అలవాటైంది. నేను క్వేకర్‌ను కాలేదు, కాను. నా మెడలో మల్లన్న తాయెత్తు అలాగే ఉంది. కానీ ఆ కూర్చోవడం నాకు కావాల్సి వచ్చింది.

వాళ్ళలో ఇంకో పద్ధతి చూశాను. ఏ విషయమైనా చేతులెత్తి లెక్కపెట్టరు. కూర్చునే ఆ గంటా ఏసీ ఆపేద్దామని ఆవిడ అంటే అందరూ సరేనన్నారు, ఉబ్బసం ఉన్న ఒక ముసలాయన తప్ప. అంతే, ఆ మాట అక్కడితో ఆగిపోయింది. ఒక్కరు ఒప్పుకోకపోయినా ఆగుతారట. మా క్యాంపులో అయితే ఆ ఒక్కణ్ణి అరిచి కూర్చోబెట్టేవాళ్ళం. చలికాలం మొదట్లో ఒక రోజు ఆ ముసలాయనే లేచి, తానే వెళ్ళి స్విచ్ ఆపి వచ్చి కూర్చున్నాడు. అప్పుడు విన్నాను నేను. గల్ఫ్‌లో దిగిన నాటి నుంచి పగలూ రాత్రీ నా చెవిలో ఏసీ మోత ఆగిందే లేదు. అది ఆగితే కిటికీ బయట పిట్ట అరుపు వినబడింది. ఈ దేశంలో పిట్టలు ఇంత గట్టిగా అరుస్తాయని నాకు తెలియదు.

ఒట్టు పెట్టుకోవడం కూడా వాళ్ళలో లేదు. ఔనంటే ఔను, కాదంటే కాదు, దాని మీద దేవుడి సాక్ష్యం ఎందుకంటారు. మా దగ్గర టీ తాగడానికి కూడా అమ్మతోడు, మల్లన్నతోడు. నేను ఆపేశాను. క్యాంపులో నవ్వారు.

"కాకా, దొరసాని నీకు మందువెట్టింది!"

"లోపల అందరికీ వెలుగుంటదట గదా. మా సూపర్‌వైజర్ల గూడ ఉన్నదా?" అని ఒక శుక్రవారం నేనే మేడమ్‌ను అడిగాను.

"ఉంది" అంది.

"మరి స్విచ్ ఎక్కడున్నది?"

ఆవిడ నవ్వాపుకోలేక మళ్ళీ కుర్చీ పట్టుకుంది.

సూపర్‌వైజర్ గోదావరి జిల్లా మనిషి. మాటకారి. కాంపౌండ్‌లో ఒక బ్లాకు మొత్తం పాత ఏసీలు తీసి కొత్తవి పెట్టే పని మా చిన్న కంపెనీకి దొరికింది. మేము అయిదుగురం. పాతవాటిలో గ్యాస్ నిండా ఉంది. దాన్ని లాగి సిలిండర్‌లోకి ఎక్కించే మెషిన్ మా స్టోర్‌లో అట్టపెట్టెలో ఉంది. దానికి టైము పడుతుంది. పైపు కోస్తే బుస్సుమని తెల్లగా పొగ లేచి క్షణంలో ఖాళీ. అందుకని అందరూ కోస్తారు.

మొదటి రోజే మేడ మీద నేను పైపు కోసే కట్టర్ కింద పెట్టాను.

"ఏంటి పెద్దాయనా, ఇంకా మొదటి దాని దగ్గరే ఉన్నారా? కోసి పడేయండి" అన్నాడు సూపర్‌వైజర్.

"కొయ్య సార్. స్టోర్ల మిషన్ ఉన్నది గదా, ఇప్పియ్యి."

"అది ఇన్‌స్పెక్షన్ వాళ్ళొచ్చినప్పుడు చూపించడానికండీ. పెళ్ళికూతురి నగల్లాంటిది. రోజూ పెట్టుకుంటారా?"

"నగ గాదు, పనిముట్టు."

"ఆ గాలేమన్నా మీ తాతగారి ఆస్తా?"

"మా తాతదే. మీ తాతది గూడ."

వెనకనున్నవాళ్ళు కిసుక్కున నవ్వారు. దాంతో అతనికి కోపమొచ్చింది. గొంతు తగ్గించి, నాకు మాత్రమే వినబడేలా అన్నాడు. "వచ్చే నెల మీ ఇకామా రెన్యువల్. అరవై దాటినవాళ్ళని ఉంచుకోవాలంటే నేను ముదీర్ కాళ్ళు పట్టుకోవాలి. పట్టుకోమంటారా, ఖురూజ్ కొట్టించమంటారా?"

ముదీర్ అంటే మా కంపెనీని నడిపే సౌదీ పెద్దమనిషి. ఇకామా అంటే ఈ దేశంలో ఉండనిచ్చే కార్డు, ఖురూజ్ అంటే ఇక రానవసరం లేదని పాస్‌పోర్టు మీద కొట్టి పంపించడం. ఆ మాట వింటే గల్ఫ్ మనిషి ఎవడైనా భయపడతాడు. నేనూ భయపడ్డాను, ఎందుకు దాచాలి? ఇంకో రెండేళ్ళు ఉండాలని నా ఆశ. ఇంటి దగ్గర నన్ను ఎవరూ తరిమెయ్యరు, అన్నం పెడతారు. కానీ అక్కడ నేను అరుగు మీద ఖాళీగా కూర్చునే ముసలాణ్ణి. ఇక్కడ నేను మెకానిక్‌ని. మెషిన్ మీద చెయ్యి పెట్టి జబ్బు చెప్పేవాణ్ణి. ఆ పని పోతే నాలో మిగిలేది ఎంత?

"ఆదివారం దాకా టైమిస్తున్నాను" అన్నాడు సూపర్‌వైజర్. "ఆలోచించుకోండి. ఈలోపు కొత్తవి మొయ్యండి."

శుక్రవారం క్యాంపులో బిర్యానీలు అయ్యాక మావాళ్ళను గదిలో కూర్చోమన్నాను. ముగ్గురు మావైపు పిల్లలు, నాలుగోవాడు పైపులు అతికే పాకిస్తానీ. సంగతి చెప్పాను. నేను కొయ్యనన్నాను. మీరేం చేస్తారో చెప్పేముందు కాసేపు మాట్లాడకుండా కూర్చుందామన్నాను.

"గిదేం పూజ కాకా? ప్రసాదం గూడ లేదాయె."

"నోరు మూస్కునుడే ప్రసాదం. కూసో."

కూర్చున్నారు. ఒకడికి గుర్రు వచ్చింది. ఒకడి ఫోన్ మోగితే నేను చూసిన చూపుకు గొంతు నొక్కేశాడు. వరండాలో పోయేవాడు తొంగి చూసి, "అన్నా, ఇండియల ఎవలన్న వోయిండ్రా?" అని మెల్లగా అడిగి, చెప్పులు విప్పి లోపలికి రాబోయాడు. వాణ్ణి పంపించేసరికి సగం మౌనం నవ్వులో పోయింది.

మిగిలిన సగంలో పాకిస్తానీ మాట్లాడాడు. వాళ్ళ ఊళ్ళోకి ఏరు వచ్చిందట. ఎన్నడూ రాని చోటికి వచ్చి ఇల్లూ మామిడితోటా కొట్టుకుపోయింది. అది దేవుడి కోపమని పెద్దలన్నారు. "కోపం ఆయనదో, వేడి మనదో నాకు తెలియదు. ఆదివారం నేను పైపులు అతికే టార్చ్ ముట్టించను చాచా" అన్నాడు ఉర్దూలో.

ఇద్దరు తలూపారు. మిగిలినవాడు నిజామాబాద్ పిల్లగాడు, నా పక్క మంచం వాడు. తల ఎత్తకుండా అన్నాడు.

"నాతోని గాదు కాకా. నేను కోస్త. నేనొచ్చి ఏడాది గాలే. ఇప్పుడే పంపిస్తే ఏం మొఖం వెట్టుకొని వోవాలె?"

నా కోపం నషాళానికెక్కింది. నోటి దాకా వచ్చింది, పిరికి సన్నాసీ అని. నలుగురం ఒకటైతే వాణ్ణి లొంగదీయడం ఎంతసేపు? ఉబ్బసం ముసలాయన గుర్తొచ్చాడు. ఆయన్ని ఎవరూ లొంగదీయలేదు. ఆ పద్ధతి ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. పళ్ళు బిగపట్టి అన్నాను.

"సరే. నీకు ఒప్పకుంటే ఇది అందరి మాట గాదు. ఎవని చెయ్యి వానిష్టం. నేనైతే కొయ్య."

ఆదివారం ఎండ ఇంకా ముదరలేదు. సూపర్‌వైజర్ కట్టర్ తెచ్చి నాకు అందించాడు. నేను చేతులు కట్టుకున్నాను. పాకిస్తానీకి అందించాడు. వాడూ తీసుకోలేదు. నిజామాబాద్ వాడి చేతిలో పెట్టి, "నువ్వైనా మనిషివిరా" అని దిగి వెళ్ళిపోయాడు.

నేను వెళ్ళి నీళ్ళ ట్యాంకు నీడలో చతికిలబడ్డాను. ఒకరి వెనక ఒకరు మిగతావాళ్ళూ వచ్చి కూర్చున్నారు. వాడు కట్టర్‌ను రాగి పైపుకు తగిలించి ఒక చుట్టు తిప్పాడు. రాగి మీద గీత పడింది.

"కాకా, అట్ల జూడకు."

"చూస్తలేనురా" అని కళ్ళు మూసుకున్నాను.

కట్టర్ రెండో చుట్టు తిరిగిన చప్పుడు వినబడలేదు.

"కండ్లు మూసుకున్నా జూసినట్టే ఉన్నది! నీ యవ్వ, ఏం మనిషివే నువ్వు?"

కట్టర్ సిమెంటు మీద పడిన చప్పుడైంది. నా పక్కన ఎవరో కూర్చున్నారు. నేను కళ్ళు తెరవలేదు. వాడి భయాన్ని చూడటానికి నాకు హక్కు లేదనిపించింది.

సూపర్‌వైజర్ మెట్లెక్కి వచ్చి, అయిదుగురినీ చూసి నిలబడిపోయాడు.

"ఎవడు పోయాడని ఇలా కూర్చున్నారు?"

నాకు నవ్వాగలేదు. "ఎవ్వరు వోలే సార్. అందరం ఈన్నే ఉన్నం."

"స్ట్రైక్ అంటారు దీన్ని! ఈ దేశంలో స్ట్రైక్ చేస్తే ఏమవుతుందో తెలుసా?"

"స్ట్రైక్ గాదు. పని చేస్తమంటున్నం. మిషన్ ఇయ్యి, ఇప్పుడే లేస్తం."

అతను ముదీర్‌కు ఫోన్ చేశాడు. ఆయన వచ్చేటప్పుడు కాంపౌండ్ ఆఫీసు మనిషి కూడా వెంట వచ్చాడు. పనివాళ్ళు కూర్చున్నారంటే ఎవరికైనా చూడాలనిపిస్తుంది కదా. ముదీర్ తెల్లటి పొడుగు అంగీ, తోబు, దుమ్ము కాకుండా కొంచెం ఎత్తి పట్టుకుని నా ముందు నిలబడి, ఏమిటిదని అరబ్బీలో అడిగాడు. లేచి, నాకొచ్చిన అరబ్బీలో చెప్పాను. ఈ గ్యాస్ గాలిలోకి వదలం. సిలిండర్ మీద కూడా వదలొద్దని మీ భాషలోనే రాసి ఉంది. స్టోర్‌లో మెషిన్ ఉంది, ఇస్తే చేస్తాం.

"ఇన్నాళ్ళూ మెషిన్‌తోనే చేస్తున్నారు కదా?" అన్నాడాయన.

సూపర్‌వైజర్ నా వెనక నుంచి తెలుగులో అన్నాడు. "ఔననండి పెద్దాయనా. ఒక్క మాట. ఔనంటే చాలు, మీ ఇకామా నాది పూచీ. అమ్మతోడు."

కాంపౌండ్ ఆఫీసు మనిషి నన్నే చూస్తున్నాడు. ఒక్క మాట. ఇంకో రెండేళ్ళు. మెకానిక్‌గా రెండేళ్ళు.

"లా" అన్నాను. కాదని. "ఎప్పుడూ కోసుడే."

ముదీర్ ముందు కాంపౌండ్ మనిషిని చూశాడు, తర్వాత సూపర్‌వైజర్‌ను, తర్వాత నన్ను. పరాయివాడి ముందు పరువు తీశానని ఆ చూపులోనే ఉంది. మధ్యాహ్నానికి అట్టపెట్టె మేడ మీదకు వచ్చింది. ప్లాస్టిక్ కవరు కూడా చింపలేదు. నేనే చింపాను.

నాలుగు రోజులకు సూపర్‌వైజర్ వచ్చి చెప్పాడు. "ముదీర్ మిమ్మల్ని మెచ్చుకున్నాడండీ, నిజాయితీపరుడన్నాడు. ఖురూజ్ కూడా కొట్టమన్నాడు."

రెండూ ఒకే నోటితో. చూడండి వీళ్ళ న్యాయం! నిజం చెప్పినవాణ్ణి మెచ్చుకుంటారు, మెచ్చుకుని బయటికి పంపిస్తారు. పేదవాడికి కూటి గురించే ఆలోచన ఉండాలట, గాలి గురించి కాదట. ఎవరన్నారు? గాలి చెడిపోయి ఎండ పెరిగితే మేడ మీద మాడేది ఎవరు? ఏసీ గదిలో కూర్చుని భూమిని కాపాడాలని ప్లాస్టిక్ బ్యానర్లు కట్టించేవాళ్ళా, ఆ బ్యానర్లు కట్టే మేమా? గాలి గురించి అడిగే హక్కు అందరికన్నా ముందు మాది.

ఊరి నుంచి ఫోన్లు వచ్చాయి. "గ్యాస్ కోసం కొలువు వోగొట్టుకున్నవా, నీకేమన్న పిచ్చా?" అన్నారు. పిచ్చే అనుకోండి. నేను బాధపడలేదని చెప్పను. మెషిన్ మీద చెయ్యి పెట్టని రోజు ఎలా గడుస్తుందో నాకింకా తెలియదు. కానీ ఆ "లా" అన్న మాట వెనక్కి తీసుకోమంటే ఇప్పటికీ తీసుకోను.

నిన్న, చివరి శుక్రవారం, మేడమ్ ఇంటికి వెళ్ళాను. ఇన్నాళ్ళూ నేను అక్కడ నోరు తెరవలేదు. నిన్న కాళ్ళు వాటంతటవే లేచాయి. తెలుగులోనే, మావైపు తెలుగులోనే చెప్పాను.

"నన్ను పంపిస్తున్నరు. పంపనీ. పైపైతే కొయ్యలే."

కూర్చున్నాను. నేను ఏం చెప్పానో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు. బయట పిట్ట అరుస్తూనే ఉంది. చివర్లో ఉబ్బసం ముసలాయన తన కుర్చీ దిగి, నా పక్కన నేల మీద కష్టంగా కూర్చుని, చెయ్యి కలిపాడు.

ఈ పొద్దున పెట్టె కడుతుంటే ఫోన్ మోగింది. నిజామాబాద్ వాడు, మేడ మీద నుంచి. వెనక మెషిన్ తిరుగుతున్న చప్పుడు.

"కాకా, సిలిండర్ నిండింది. మీటర్ ముల్లు ఎర్రగీత దగ్గరికొచ్చింది. ఏడ వెట్టాలె?"

"మిషన్ బంద్ జేసి, మూత గట్టిగ తిప్పు. ట్యాంకు నీడల వెట్టు. ఎండల వెట్టకు."

"మరి ఇంకోటి షురూ జేయనా? సూపర్‌వైజర్ తొందర వెడుతుండు."

"తొందర వెట్టనీ" అన్నాను. "నీ పని నువ్వు చెయ్."